కీళ్ళనొప్పులు: ఇంటి చికిత్స, పంచాయతీ బాధ్యత

చలికాలపు ఉదయమున ఏ గ్రామములోనైనను ఒక చేయి గోడకు ఆనించి, మరొక చేయి మోకాటిపై మోపి, మెల్లగా లేచు పెద్దలు కనబడుదురు. అడిగినచో, "వాతము, వయసుతో వచ్చినది, పోవునది కాదు" అందురు. హైదరాబాదునకు ఉత్తరమున, మేడ్చలు దారిలో ఉన్న కండ్లకోయ పరిసరములలోను ఇదే మాట వినబడును. అక్కడ పొలముల నడుమ బాహ్యవలయ రహదారి వచ్చినది, పెద్ద భవనములు లేచినవి. కాని నాట్లు వేసి, మట్టి మోసి అరిగిన మోకాళ్ళ బాధ మాత్రము అట్లే ఉన్నది.

ఈ నొప్పులలో కొన్ని ఇంటివద్దనే తగ్గించుకొనదగినవి. మరికొన్ని ఇంట దాచిపెట్టరానివి. ఈ భేదమును పంచాయతీ సభ్యులు తెలిసికొని పదిమందికి తెలుపవలెనని మా కోరిక.

నొప్పి ఎందుకు కలుగును?

రెండు ఎముకలు కలియుచోట వాటి కొనలపై మెత్తని మృదులాస్థి కలదు. బండి ఇరుసునకు కందెనవలె కీలులో ఒక జిగట ద్రవము కూడ ఉండును. వయసు, అధిక భారము, పాత దెబ్బలు, ఏండ్లతరబడి గొంతుకూర్చుని చేయు పనులు ఈ మృదులాస్థిని అరుగదీయును. మోకాళ్ళనొప్పులలో అధిక భాగము ఇట్టివే. అరిగినది ఇంటి మందుతో తిరిగి పెరుగదు. అయినను నొప్పి తగ్గించి, నడక నిలుపుకొనుట సాధ్యమే.

ఇంట చేయదగినవి

మొదటిది కాపడము. కల్లుప్పును మూకుడులో వేయించి, మందపు గుడ్డలో మూటగట్టి, ముందుగా ముంజేతిపై ఆనించి వేడి చూచి, పదిహేను నిమిషములు కాపవలెను. వావిలాకు కాచిన గోరువెచ్చని నీటితో తడుపుటయు మన స్త్రీలు ఎరిగిన పద్ధతియే. మధుమేహముచే పాదములలో స్పర్శ తగ్గినవారికి కాలినను తెలియదు. వారికి ఇతరులే వేడి చూచి కాపడము పెట్టవలెను. కీలు ఎఱ్ఱబడి, వాచి, వేడిగా ఉన్నప్పుడు కాపడము మాని, చల్లని తడిగుడ్డ వేయుట మేలు.

రెండవది మర్దనము. గోరువెచ్చని నువ్వులనూనెతో కీలు చుట్టునున్న కండరములను మెల్లగా రుద్దవలెను. కర్పూరము కలుపువారు నూనెను పొయ్యిమీదినుండి దింపిన పిమ్మటనే కలుపవలెను. కర్పూరము కడుపులోనికి పోయినచో విషము గాన ఆ సీసాను పిల్లలకు అందనీయరాదు. జిల్లేడుపాలు కంటికి మిక్కిలి హాని చేయును గనుక, జిల్లేడాకు కట్టు అలవాటును మానుటయే క్షేమము.

మూడవది వ్యాయామము. దీనికి మించిన ఇంటి మందు లేదు. నొప్పి యని కదలక కూర్చున్నచో తొడ కండరములు సన్నగిల్లి, భారమంతయు మోకాటిపైననే పడును. మంచముపై కూర్చుండి, ఒక కాలు ముందునకు చాచి, అయిదు లెక్కపెట్టువరకు నిలిపి దింపవలెను. ఉదయము, సాయంకాలము ఒక్కొక్క కాలికి పదేసి మారులు చేయవలెను. సమతలమున నిత్యము నడచుటయు అవసరమే. కండ్లకోయలోని అటవీ ఉద్యానములో ఇందుకు అనువైన నడకదారులు కలవు.

నాలుగవది బరువు తగ్గుట. స్థూలకాయులలో ఒక కిలో బరువు తగ్గినచో, ప్రతి అడుగున మోకాటిపై సుమారు 4 కిలోల ఒత్తిడి తగ్గునని పరిశోధకులు కొలిచి చూచినారు.

సొంటి, పసుపు, వెల్లుల్లి ఆహారములో తగుమాత్రముగా తీసికొనవచ్చును. అయితే వాటినే నమ్మి వైద్యుని మందు మానరాదు.

ఇంట దాచరానివి

ఉదయమున చేతివ్రేళ్ళు గంటకు పైగా బిగిసియుండి, రెండు చేతుల చిన్న కీళ్ళు వాచినచో అది అరుగుదల కాకపోవచ్చును. రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ అను ఈ వ్యాధి యౌవనములోను వచ్చును, స్త్రీలలో అధికము. తొలిదశలోనే మందు మొదలిడినచో కీళ్ళు వంకరపోకుండ కాపాడవచ్చును. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో ఇందుకు ప్రత్యేక విభాగము కలదు.

బడిపిల్లలకు గొంతునొప్పి వచ్చిన కొలది వారములకు నొప్పి ఒక కీలునుండి మరొక కీలునకు మారుచున్నచో, ఒక్క దినము కూడ ఉపేక్షింపరాదు. ఈ రుమాటిక్ జ్వరము కీళ్ళను విడిచిపోవును గాని గుండె కవాటములను చెఱచిపోవును. పెన్సిలిన్ చికిత్సతో ఈ ముప్పును నివారింపవచ్చును.

జ్వరముతో ఒకే కీలు హఠాత్తుగా వాచినను, దెబ్బ తగిలి కాలు మోపలేకున్నను ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.

సంతలో అమ్ము పేరులేని పొడులతో మిక్కిలి జాగ్రత్త వలయును. మూడు దినములలో నొప్పి మాయమైనచో సంతోషింపక అనుమానింపవలెను. అట్టి వాటిలో స్టిరాయిడ్లు కలిపిన సందర్భములు బయటపడినవి. వాటివలన ముఖము ఉబ్బును, చక్కెర పెరుగును, ఎముకలు గుల్లబారును. చాలకాలము వాడి ఒక్కసారిగా మానినను ప్రమాదమే. నొప్పిమాత్రలను సలహా లేక నెలల తరబడి మ్రింగుట కడుపునకు, మూత్రపిండములకు చేటు.

పంచాయతీ చేయదగినది

కొన్ని కీళ్ళబాధలకు మూలము నీటిలోనే కలదు. నాటి మద్రాసు రాష్ట్రమునందలి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి 1937లోనే వైద్యులు ప్రకటించినారు. నల్లగొండ పల్లెలు దానివలన తరతరములుగా పడిన బాధ మనమెరుగనిది కాదు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. గ్రామములో వెన్ను, మోకాళ్ళు బిగిసినవారు అనేకులు కనబడినచో, వాతమని సరిపుచ్చుకొనక బోరునీటిని పరీక్షింపించుడు.

2006లో తెలుగునాట వ్యాపించిన చికున్‌గున్యా, జ్వరము తగ్గిన పిదపను అనేకులను నెలల తరబడి కీళ్ళనొప్పులతో పీడించినది. దానిని మోయు దోమ నిలువయున్న మంచినీటిలో పెరుగును. వారమునకొక దినము తొట్లు, కుండీలు ఖాళీచేసి ఆరబెట్టించుట సభ్యుల పని.

నడువదగిన చదునైన బాట, నడుమ కూర్చుండుటకు అరుగు, వృద్ధులున్న ఇండ్లలో ఎత్తయిన పీట, పట్టుకొనుటకు కమ్మీ గల మరుగుదొడ్డి: వీటికి వ్యయము స్వల్పము. వీటివలన ఒక తల్లి ఇతరుల సాయము లేకుండ లేచి నిలువగలుగును. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చింపుడు. ఆశా కార్యకర్తతో కలిసి, మంచము పట్టిన వారి ఇండ్లకు ఒకసారి వెళ్ళి చూడుడు. "వయసుతో వచ్చినది" అని వదలివేయబడిన వారిలో చికిత్సకు లొంగువారు కొందరైనను తప్పక ఉందురు.