ఇంటికీ కొట్టానికీ ఒకే నీరు

పాడి కుటుంబంలో మనిషి ఆరోగ్యం, పశువు ఆరోగ్యం, ఊరి నీరు వేరువేరు కావు. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ సమస్యే ఇందుకు తార్కాణం.

అక్కడి భూమి అడుగున ఉన్న గ్రానైటు రాళ్ల నుండి ఫ్లోరైడ్ బావినీటిలో కరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ నీరు తాగిన వారికి పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకొంటాయి, నడుము వంగుతుంది. హైదరాబాదు సంస్థానంలో ఈ జబ్బు 1934లోనే పశువైద్య నివేదికకెక్కింది. మనుషులలోనూ ఇది ఉన్నదని నాటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు 1937లో వెల్లడించారు. నల్లగొండ రోగులపై డాక్టర్ సిద్దిఖీ వ్యాసం 1955లో వెలువడింది. అంటే, గొడ్డు కుంటితే అది గొడ్డు జబ్బేనని ఊరుకోరాదు. ఆ ఇంటి నీరు కూడా చూడాలి.

ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా ఇళ్లకు కృష్ణా నీరు వస్తున్నది. కాని తొట్టికి, కుడితికి బోరునీరే వాడితే పశువుకు ప్రమాదం తప్పదు.

సంతలో వయసు కోసం పళ్లు చూస్తాము కదా! సుద్దవంటి తెల్ల మచ్చలు, గోధుమరంగు చారలు, ఎక్కువ అరుగుదల ఉన్నాయేమో అప్పుడే గమనించండి. దూడ వయసులో ఈ నీరు తాగితేనే పళ్లపై గుర్తు పడుతుంది. పెద్దయ్యాక తెచ్చిన పశువుకు పళ్లు బాగానే ఉండి కుంటు రావచ్చు. మేత నమలలేని పశువు చిక్కి, పాలు తగ్గిస్తుంది.

ఫ్లోరైడ్ ఎముకలలో చేరుతుంది. పాలలోకి వచ్చేది బహు స్వల్పం. కనుక పిల్లలకు పాలు మానిపించవద్దు.

సభ్యులు పాటించవలసినవి:

1. బోరునీరు పరీక్ష చేయించండి. మనుషుల తాగునీటికి ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు.
2. మంచినీరు చాలనప్పుడు ముందుగా దూడలకు పట్టండి.
3. నీరు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.
4. శుద్ధి చేయని రాతి భాస్వరం పొడి మేపవద్దు. ఐ.ఎస్.ఐ. గుర్తు గల ఖనిజ లవణ మిశ్రమమే వాడండి.
5. వాననీరు నిలిచే కుంటలను పూడిక తీసి కాపాడుకోండి.

వచ్చే సర్వసభ్య సమావేశంలో పాల ధరతో పాటు తొట్టి నీటిని గురించి కూడా చర్చించవలసినదిగా కోరుతున్నాను.

— సహకార ఇన్‌స్పెక్టర్, కాచిగూడ