వంటింట్లో ఒక ఆదివారం: మసాలా బిస్కెట్‌తో సైన్సు, లెక్కలు, చరిత్ర



డిసెంబర్ వచ్చిందంటే బేకరీల అద్దాల వెనక ప్లమ్ కేకులు, నక్షత్రాల ఆకారపు బిస్కెట్లు బారులు తీరతాయి. గుంటూరు, కృష్ణా వైపు క్రిస్మస్ చేసుకునే ఇళ్లలో అరిసెల పాకం వాసన, గులాబీ పువ్వులు వేగే చప్పుడు మొదలవుతాయి. ఈ నెల ఇంటి పాఠానికి మాత్రం మేం కొంచెం దూరం వెళ్లి, నెదర్లాండ్స్ దేశపు పండగ బిస్కెట్‌ని ఎంచుకున్నాం. దాని పేరు స్పెకులాస్. అక్కడ డిసెంబర్ 5 సాయంత్రం సెయింట్ నికొలస్ పేరు మీద పిల్లలకు కానుకలిచ్చే పండగ జరుగుతుంది. ఆ రోజుల్లో ఇంటింటా ఉండే బిస్కెట్ ఇది. పలచగా, కరకరలాడుతూ, ఓడ, గాలిమర, గుర్రం లాంటి బొమ్మల అచ్చులతో ఉంటుంది.

దీన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, ఇందులో గుడ్డు అక్కర్లేదు. మసాలాలన్నీ మన బిర్యానీ డబ్బాలోనో, దగ్గరి కిరాణా కొట్టులోనో దొరికేవే. పిండి ముద్ద కూడా చిన్న పిల్లల చేతికి చక్కగా లొంగుతుంది. ఈమధ్య సూపర్ మార్కెట్లలో బిస్కాఫ్ పేరుతో దొరికే బిస్కెట్ దీనికి బెల్జియం చుట్టం. అందులో మసాలా కన్నా కారమెల్ రుచి ఎక్కువ. తిని ఉన్న పిల్లలకు ఆ పోలిక చెబితే ఇట్టే అర్థమవుతుంది.

మొదలుపెట్టే ముందు ఒక విన్నపం. కత్తి, పొయ్యి, వేడి ట్రే, ఈ మూడూ మీవి. మిగతాదంతా పిల్లలది. మీరు చేతులు కట్టుకుని పక్కన నిలబడండి. యాక్టివిటీ ఫొటోల్లో ఏది పిల్లల పనో, ఏది అమ్మ పనో మా టీచర్లకు చూడగానే తెలిసిపోతుంది. అమ్మ చేసిన బిస్కెట్లు గుండ్రంగా ఉంటాయి! నిష్పత్తి లెక్కలన్నీ తప్పులేకుండా చేసే ఏడో తరగతి పిల్లల్ని ‘ఈ గ్లాసులో సుమారు ఎన్ని మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి?’ అని అడిగితే చాలామంది గాల్లోకి చూస్తారు. మార్కులకు లోటు లేదు. ఆ అంకె చేతికి ఎంత బరువుంటుందో తెలియదు, అంతే. మైదా ఒలుకుతుంది, ఒలకనివ్వండి. సండే టెస్ట్ లేని వారం చూసుకోండి. యూట్యూబ్‌లో వీడియో ముందే చూపించకండి. ఏమవుతుందో ముందే తెలిసిపోతే ఊహించడానికి ఏమీ మిగలదు.

తూకంతో మొదలు

మైదా 250 గ్రాములు, ఉప్పు లేని వెన్న 125 గ్రాములు, బ్రౌన్ షుగర్ 125 గ్రాములు, వంటసోడా అర టీ చెంచా, ఉప్పు చిటికెడు, కింద చెప్పిన మసాలా పొడి రెండున్నర టీ చెంచాలు, అవసరమైతే రెండు పెద్ద చెంచాల పాలు. బ్రౌన్ షుగర్ లేకపోతే జల్లించిన బెల్లం పొడి వాడొచ్చు. ఉప్పు వెన్న వాడితే చిటికెడు ఉప్పు మానేయండి.

పిల్లలు తూచే ముందు ఒక ఆట ఆడించండి. గిన్నెలో మైదా వేసి ‘250 గ్రాములు వచ్చింది అనుకున్నప్పుడు ఆపు’ అనండి. తర్వాత కాటా మీద పెట్టండి. 200 మాత్రమే ఉంటే 50 గ్రాములు తేడా, అంటే ఇరవై శాతం తప్పు. శాతాల పాఠం అయిపోయిన పిల్లలు ఈ లెక్క వాళ్లే వేస్తారు. మూడు నాలుగు సార్లు ఆడితే తేడా తగ్గుతూ రావడం వాళ్లకే కనిపిస్తుంది.

మైదా, వెన్న, చక్కెర 2:1:1 నిష్పత్తిలో ఉన్నాయని మీరు చెప్పకండి, వాళ్లని కనుక్కోనివ్వండి. ఫ్రిజ్‌లో 100 గ్రాముల వెన్న ప్యాకెట్ ఒక్కటే ఉంటే మైదా ఎంత తీసుకోవాలి? ఈ ప్రశ్న పుస్తకంలో ఉంటే విసుగు. వెన్న నిజంగానే తక్కువైనప్పుడు విసుగుండదు.

ఒక్కో మసాలా మొక్కలో ఏ భాగం?

మసాలా పొడి పాళ్లు ఇవీ: దాల్చినచెక్క పొడి 4 టీ చెంచాలు, జాజికాయ 1, లవంగాలు 1, శొంఠి అర, యాలకులు అర, తెల్ల మిరియాలు అర. మొత్తం ఏడున్నర. ఒక విడతకు రెండున్నర చాలు కాబట్టి ఇది ఎన్ని విడతలకు సరిపోతుందో ఐదో తరగతి పిల్లలు చెప్పగలరు.

పొడి కొట్టే ముందు అన్నిటినీ విడివిడిగా ఒక పళ్లెంలో పెట్టండి. ఇంత మంచి వృక్షశాస్త్ర పాఠం ఏ చార్టులోనూ దొరకదు. దాల్చినచెక్క చెట్టు బెరడు. లవంగం విచ్చుకోని పూమొగ్గ. ఒకటి రెండు నిమిషాలు వేడినీళ్లలో నానబెట్టి తల భాగాన్ని విప్పితే మూసుకుని ఉన్న రేకులు కనిపిస్తాయి. జాజికాయ విత్తనం. దాని చుట్టూ ఎర్రటి వలలా అల్లుకుని ఉండేదే మనం పలావులో వేసే జాపత్రి. యాలకులు కాయ, లోపల గింజలు. శొంఠి అంటే ఎండబెట్టిన అల్లం. అల్లం వేరు అని చాలామంది పెద్దలు కూడా అనుకుంటారు కానీ అది నేలలో పెరిగే కాండం. దాని మీది కణుపుల గీతల్ని, మొలకల్ని చూపించండి. తెల్ల మిరియాలు వేరే మొక్కవి కావు. నల్ల మిరియాలు కాసే తీగవే. పచ్చిగా కోసి ఎండబెడితే నల్లవి, పండాక పై తొక్క తీసేస్తే తెల్లవి.

మన కొట్లలో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా అమ్మేది మందంగా, గట్టిగా ఉండే కాసియా. శ్రీలంక దాల్చినచెక్క కాగితాల్లాంటి పలచని పొరలుగా, చుట్టలా ఉంటుంది, వేళ్లతో నలిపితే విరుగుతుంది. రెండూ దొరికితే పక్కపక్కన పెట్టి వాసన చూపించండి. కళ్లకు గంతలు కట్టి ఆరు మసాలాలను వాసనతో గుర్తుపట్టమంటే ఎల్‌కేజీ పిల్లలు కూడా ఉత్సాహంగా వస్తారు. ఈ ఆటలో తాతమ్మలే గెలుస్తారు. జాజికాయను మాత్రం పిల్లలు విడిగా తినకుండా చూడండి. ఎక్కువైతే అది మంచిది కాదు.

ఇక మెత్తబడిన వెన్న, చక్కెర కలిపి గిలకొట్టాలి. మైదా, సోడా, ఉప్పు, మసాలా పొడి కలిపి జల్లించి అందులో వేయాలి. చేత్తో ముద్దగా దగ్గరికి చేర్చాలి. పొడిపొడిగా ఉంటేనే పాలు చల్లాలి. చపాతీ పిండిలా పిసకకూడదు. ఎక్కువ పిసికితే గోధుమలోని గ్లూటెన్ సాగి బిస్కెట్ గట్టిపడుతుంది. చపాతీకి ఆ సాగుడే కావాలి, ఇక్కడ వద్దు. ముద్దను మూతపెట్టి రెండు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. రాత్రంతా ఉంచితే ఇంకా మంచిది, మసాలా వాసన పిండికి పడుతుంది. అయితే గుప్పెడు పిండి మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకుండా బయట ఉంచండి. దాని పని తర్వాత ఉంది.

ఆ రెండు గంటల్లో ఒక మ్యాపు

ముద్ద చల్లబడేలోగా ప్రపంచ పటం పరచండి. ఈ బిస్కెట్ పుట్టిన నెదర్లాండ్స్‌లో ఈ మసాలాల్లో ఒక్కటీ పండదు. మిరియాలు, యాలకులు మన పశ్చిమ కనుమలవి, మంచి దాల్చినచెక్క శ్రీలంకది. లవంగాలు, జాజికాయలు ఇప్పటి ఇండొనేషియాలోని మలుకు దీవులవి. జాజికాయ అయితే ఒకప్పుడు అక్కడి బండా దీవుల్లో తప్ప ఎక్కడా పండేది కాదు.

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాక ఐరోపా దేశాలు ఈ సరుకు కోసం ఒకదాని వెంట ఒకటి సముద్రం మీద పడ్డాయి. 1602లో డచ్చి ఈస్టిండియా కంపెనీ పుట్టింది. ఆ వెంటనే, 1605–06 నాటికి, ఆ కంపెనీ వర్తకులు మచిలీపట్నంలో, నిజాంపట్నంలో దిగారు. మసాలా పండని మన తీరంలో వాళ్లకేం పని? మలుకు దీవుల వాళ్లకు లవంగాలకు బదులుగా కావలసింది బట్ట. ఆ బట్ట కోరమాండల్ తీరంలో నేసేవారు. మన నేతగాళ్ల బట్టలు, అద్దకం చీరలు ఓడలెక్కి తూర్పుకు వెళ్లేవి. వాటితో కొన్న లవంగాలు, జాజికాయలు ఐరోపా దారి పట్టేవి. ఆమ్‌స్టర్‌డామ్ వంటింట్లో కాల్చిన బిస్కెట్ వెనక బందరు మగ్గం చప్పుడు కూడా ఉందన్నమాట. పటం మీద బందరు నుంచి మలుకుకు, అక్కడి నుంచి ఆఫ్రికా చివర చుట్టి నెదర్లాండ్స్‌కు పిల్లలచేత దారం పెట్టి కొలిపించండి. స్కేలు చూసి కిలోమీటర్లు వాళ్లే చెబుతారు.

ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు మిగతా సగం కూడా చెప్పండి. జాజికాయ వ్యాపారం తమ ఒక్కరి చేతిలోనే ఉండాలని డచ్చి కంపెనీ 1621లో బండా దీవుల మీద దాడి చేసింది. దాడిని నడిపించింది గవర్నర్ జనరల్ యాన్ పీటర్సన్ కూన్. వేలాది మంది దీవివాసులు చనిపోయారు, మిగిలినవారిలో చాలామంది బానిసలయ్యారు. వాళ్ల తోటల్ని కంపెనీ తన మనుషులకు పంచి, బానిసలతో పని చేయించింది. పండగ పూట ఇదెందుకు అనిపించవచ్చు. పిల్లలు ‘జాజికాయ అంత ఖరీదా అప్పుడు?’ అని అడిగితే దానికి నిజమైన జవాబు ఇదే.

అచ్చు, అద్దం

స్పెకులాస్‌ను చెక్కిన చెక్క అచ్చుల్లో నొక్కి తీస్తారు. పిండి అంటుకోకుండా అక్కడా బియ్యప్పిండే చల్లుతారు. మనింట్లో కజ్జికాయల చెక్క ఉంటే దాని అంచు నగిషీ బాగా పడుతుంది. లేకపోతే మందపాటి క్యారెట్ ముక్కను మీరు అడ్డంగా కోసివ్వండి, దాని మీద పిల్లలు తమ పేరులోని మొదటి అక్షరాన్ని టూత్‌పిక్‌తో గీసుకుంటారు. మొదటిసారి అందరికీ అక్షరం తిరగబడి పడుతుంది. సరిచేయకండి. ఎందుకలా పడిందో వాళ్లే కనుక్కుని రెండోసారి అద్దంలో చూసి గీస్తారు. ఇంగ్లిష్‌లో ఎ, ఎం, టి పేర్ల పిల్లలకు ఈ తిప్పలు లేవు. ఆర్, ఎస్ పిల్లలకు, తెలుగులో దాదాపు అందరికీ ఉన్నాయి. సౌష్ఠవం అనే మాట పాఠంలో వచ్చినప్పుడు ఈ క్యారెట్ గుర్తొస్తుంది.

చల్లటి ముద్దను అర సెంటీమీటరు మందంగా వత్తి, అచ్చు నొక్కి, కోసి ట్రేలో దూరందూరంగా పెట్టండి. ముప్పై అయిదు దాకా వస్తాయి. ఇప్పుడు బయట ఉంచిన ఆ గుప్పెడు పిండిని తీయండి. అదే మందం, అదే మూతతో రెండు బిస్కెట్లు కోసి అదే ట్రేలో ఒక మూల పెట్టండి. ఏవి ఎక్కువ వ్యాపిస్తాయి? జవాబు నోటుబుక్కులో రాశాకే ట్రే లోపలికి వెళ్లాలి. కాలాక స్కేలుతో వ్యాసం కొలవాలి. వెన్న మన ఒంటి వేడికే కరుగుతుంది. చల్లగా ఉన్న వెన్న కరిగేలోగా బిస్కెట్ అంచు కాలి నిలబడుతుంది. ముందే మెత్తబడిన వెన్న అయితే పిండి జారి వెడల్పవుతుంది, అచ్చు బొమ్మ చెరిగిపోతుంది. చలిదేశంలో పుట్టిన వంటకాన్ని విజయవాడలో చేస్తున్నాం కాబట్టి ఫ్రిజ్ మనకు తప్పదు. పిల్లలు ఉత్సాహంలో సోడా కూడా తగ్గించి చూద్దామంటారు. అది వచ్చే వారం. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి, లేకపోతే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు.

కాల్చడం

ఓటీజీ గానీ, మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ మోడ్ గానీ ముందే 170 డిగ్రీలకు వేడి చేసి 15 నుంచి 18 నిమిషాలు కాల్చాలి. మామూలు మైక్రోవేవ్ మోడ్ పనికిరాదు. అది ప్రధానంగా పదార్థంలోని నీటిని వేడి చేస్తుంది, పైభాగం ఎర్రబడేంత వేడెక్కదు. ఓవెన్ లేని ఇళ్లలో మందపాటి పాత్రలో ఉప్పు పరిచి, స్టాండు మీద పళ్లెం పెట్టి, మూతతో సన్నని సెగన కాల్చొచ్చు. అప్పుడు గడియారాన్ని కాదు, రంగును నమ్మండి.

బయటికి తీసినప్పుడు బిస్కెట్లు మెత్తగా ఉంటాయి. ఉడకలేదనుకుని మళ్లీ లోపల పెడితే మాడతాయి. పది నిమిషాలు వదిలేస్తే వెన్న, చక్కెర గట్టిపడి కరకరలాడతాయి.

పదో తరగతి పిల్లలకు ఇక్కడ రెండు ప్రశ్నలు. వంటసోడా వేడికి ఏమైంది? రెండు అణువుల సోడియం బైకార్బొనేట్ విడిపోయి ఒక్కో అణువు సోడియం కార్బొనేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ వచ్చాయి. ఆ వాయువే బిస్కెట్‌ను గుల్ల చేసింది. వెనక మిగిలిన సోడియం కార్బొనేటే వాషింగ్ సోడాలోనూ ఉండేది. అందుకే సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. సమీకరణాన్ని తుల్యం చేసి రాయమనండి. రెండో ప్రశ్న: ఈ గోధుమ రంగు, ఈ కమ్మటి వాసన ఎక్కడివి? వేడికి ప్రొటీన్లలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి చేసే చర్య అది. 1912లో దాన్ని వివరించిన ఫ్రెంచి రసాయనవేత్త మయార్ పేరుతోనే పిలుస్తారు. దోసె అంచు ఎర్రబడేదీ ప్రధానంగా దానివల్లే.

పూర్తిగా చల్లారాక గాలి చొరని డబ్బాలో పెడితే రెండు వారాలు నిలవ ఉంటాయి. రెండో రోజుకు మసాలా రుచి ఇంకా తేరుతుంది. డబ్బా స్కూలుకు పంపదలిస్తే మూత మీద ‘గోధుమ, పాలు ఉన్నాయి’ అని పిల్లలచేతే రాయించండి. పడని పిల్లలు ప్రతి సెక్షన్‌లోనూ ఉండొచ్చు. నోటుబుక్కులోని కొలతల పేజీని, తప్పిన ఊహతో సహా, సైన్స్ టీచర్‌కు పంపండి. ఫొటో పంపకపోయినా ఫర్వాలేదు.