హెలికాప్టర్ భాగాల ఆయుఃప్రమాణం

విమానం రెక్కలు కదలక నిలిచి ఉంటాయి. హెలికాప్టర్‌కు రెక్కలే తిరుగుతాయి. ఆ తిరిగే సముదాయమే రోటర్. రెక్క ఒక చుట్టు తిరిగే లోపలనే దానిపై పడే బలం హెచ్చి, తగ్గుతుంది. నిమిషానికి కొన్ని వందల పర్యాయాలు ఇట్లా జరుగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే చివరకు తెగుతుంది కదా! అదే విధంగా యంత్రభాగంలోనూ సూక్ష్మమైన పగులు పుట్టి పెరుగుతుంది. దీనిని లోహపు అలసట అంటారు.

అలసిన భాగం పైకి కొత్తదానివలె మెరుస్తూనే ఉండవచ్చు. కనుక రోటర్‌కు సంబంధించిన పలు ముఖ్యభాగాలకు తయారీదారులు పరీక్షలు జరిపి, ఆయువును ముందుగానే నిర్ణయిస్తారు. గడువు తీరిన భాగం ఎంత దృఢంగా కనిపించినా తొలగించవలసిందే. ఆ గడువును పొడిగించే అధికారం పైలట్‌కు గాని, మెకానిక్‌కు గాని, యజమానికి గాని లేదు.

ఆయువును సాధారణంగా ఎగిరిన గంటలలో లెక్కిస్తారు. కొన్నింటికి సంవత్సరాలు కూడా ప్రమాణమే. బరువులు మోసే హెలికాప్టర్‌లో గంటల లెక్క ఒక్కటే చాలదు. బెల్ సంస్థ తయారుచేసే కొన్ని హెలికాప్టర్లలో రోటర్‌ను మోసే మాస్టుకు, ప్రతి టేకాఫ్‌నూ, వేలాడదీసి ఎత్తిన ప్రతి బరువునూ లెక్కలో చేరుస్తారు.

ఇట్టి భాగానికి ఒక క్రమసంఖ్య, దానితోపాటు ఒక లాగ్‌కార్డు ఉంటాయి. ఎప్పుడు బిగించారు, ఎప్పుడు విప్పారు, ఎన్ని గంటలు పనిచేసింది అన్న వివరాలన్నీ అందులో నమోదవుతాయి. భాగాన్ని మరొక హెలికాప్టర్‌కు మార్చినపుడు కార్డు కూడా వెంట వెళ్లాలి. ఉదాహరణకు, ఒక మోడల్‌లో 3000 గంటలు, మరొకదానిలో 2000 గంటలు ఆయువు గల భాగం మొదటిదానిలో 1500 గంటలు తిరిగిందనుకుందాం. సగం ఆయువు తీరినట్లే. కనుక రెండవదానిలో మిగిలేది 1000 గంటలే గాని 500 కాదు, 1500 అంతకన్నా కాదు.

కార్డు పోయి, చరిత్రను మరొక విధంగా నిరూపించలేకపోతే, మేలైన భాగం కూడా పనికిరానిదే. ఆయువు తీరినవాటిని తిరిగి ఎవరూ బిగించకుండా కోసివేయడమో, వేరుచేసి గుర్తు వేయడమో చేస్తారు. పాతసామాను బజారులో రంగు వేసుకుని తిరిగివచ్చే భాగం కంటె ప్రమాదకరమైనది మరొకటి లేదు.

అయితే నిర్ణయించిన ఆయువు కూడా తప్పు కావచ్చు. 2016 ఏప్రిల్ 29న నార్వేలోని ట్యూరోయ్ వద్ద, సముద్రంలోని చమురు వేదిక నుండి బెర్గెన్‌కు వస్తున్న హెచ్225 హెలికాప్టర్ నుండి ప్రధాన రోటర్ ఊడిపోయింది. అందులోని 13 మందీ మరణించారు. గేర్‌బాక్స్‌లోని ఒక గేరు, గడువు తీరకముందే, అలసటవల్ల పగిలింది. రికార్డులను తిరగవేయగా, ఆ గేర్‌బాక్స్ 2015లో ఆస్ట్రేలియాలో రోడ్డు రవాణా సమయంలో ప్రమాదానికి గురైన సంగతి బయటపడింది. ఆ ప్రమాదానికీ పగులుకూ సంబంధం ఉన్నట్లు మాత్రం దర్యాప్తులో తేలలేదు. అనంతరం ఐరోపా విమానయాన భద్రతా సంస్థ ఆ గేర్లకు అనుమతించిన ఆయువును బాగా తగ్గించింది.