విదేశీ విద్య - మన ప్రాంత విద్యార్థి

విద్యార్జన కొరకు పుట్టిన ఊరిని విడిచి దూరదేశాలకు వెళ్ళటం మన ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పుడు పాలమూరు, నల్లగొండ జిల్లాల విద్యార్థికి మద్రాసు, పూనా నగరాలే పరదేశాలు. హైదరాబాదు సంస్థానంలో 1918 వరకు సొంత విశ్వవిద్యాలయం లేదు. నిజాం కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు మద్రాసులో పట్టభద్రులై, తిరువనంతపురంలో న్యాయశాస్త్రం చదివారు. అదే జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు గారు పూనాలోని ఫెర్గుసన్ కళాశాలలోను, తరువాత బొంబాయిలోను చదువుకొన్నారు. మొదటివారు తిరిగి వచ్చి 1926లో గోలకొండ పత్రికను స్థాపించగా, రెండవవారు 1952లో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి అయ్యారు. ఇరువురూ పరాయి చోట నేర్చినదానిని ఇంటికి తెచ్చారు.

నేడు దూరం పెరిగినది. దేవరకొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, నారాయణపేట ప్రాంతాల నుండి సయితం యువతీ యువకులు అమెరికా, ఇంగ్లండు, కెనడా, జర్మనీ, ఆస్ట్రేలియా దేశాలకు ఉన్నత విద్యకై వెళుతున్నారు. వెళ్ళవలెనా, వద్దా అన్నది ఈ వ్యాస విషయం కాదు. వెళ్ళదలచిన విద్యార్థి ముందుగా మూడు ప్రశ్నలకు సమాధానం వెదకుకొనవలెను. ఎవరి ధనంతో వెళుతున్నాము? ఏ సంస్థకు వెళుతున్నాము? అక్కడ ఏ విధంగా చదవబోతున్నాము? ఈ మూడింటిని క్రమంగా పరిశీలిద్దాము.

సంస్థాన కాలపు వజీఫాలు

హైదరాబాదులో విదేశీ విద్యకు తొలినాటి ఉదాహరణ అఘోరనాథ ఛటోపాధ్యాయ గారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొంది, ఈ నగరానికి వచ్చి, తరువాత నిజాం కళాశాలగా రూపొందిన విద్యాసంస్థకు తొలి ప్రిన్సిపాలుగా పనిచేశారు. ఆయన కుమార్తె సరోజినీదేవి 1879లో హైదరాబాదులో జన్మించారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన వజీఫాతో 1895లో, పదహారేళ్ళ వయస్సులో ఇంగ్లండు వెళ్ళి, లండనులోని కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జిలోని గిర్టన్ కళాశాలలోను చదివారు. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అను పేరు వచ్చినది ఈ నిజాం పేరు మీదుగానే. ఒక బాలికను ఆ రోజులలో సముద్రం దాటించి చదివించటానికి ఇంటిలోని పెద్దల విశ్వాసం, ప్రభుత్వ ధనం రెండూ తోడైనవి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. సరోజినీదేవి 1898లో పట్టా లేకుండానే తిరిగి వచ్చారు. అయినను ఆ చదువు వ్యర్థం కాలేదు. ఆమె కవయిత్రిగా పేరు పొందారు, 1925లో భారత జాతీయ కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు. పట్టా లేక తిరిగి వచ్చినప్పుడు ఆమె ఇంటి ముందు అప్పులవాడెవరూ నిలబడలేదు. వజీఫా ఇచ్చిన స్వేచ్ఛ అది. నేటి విద్యార్థికి ఆ స్వేచ్ఛ చాల తక్కువ. ఆరోగ్యం చెడినను, చదువు సరిపడకపోయినను, తిరిగి రావటానికి వెనుకాడుతున్నాడు. కారణం చదువు మీది మమకారం కాదు, ఊరిలోని అప్పు.

1917 నాటి ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది పడినది. 1919లో తరగతులు ఆరంభమైనవి. ఉన్నత విద్యను ఉర్దూ భాషలో బోధించటం కొరకు అనువాద శాఖ, అనగా దారుల్ తర్జుమా ఏర్పడి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చినది. ఈ విశ్వవిద్యాలయంలో చదివిన రజియుద్దీన్ సిద్దీఖీ గారు కేంబ్రిడ్జిలో గణితం అభ్యసించి, జర్మనీలోని లైప్జిగ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. ఆ కాలంలో హైజెన్‌బర్గ్ అక్కడ ఆచార్యులుగా ఉండి నవీన భౌతికశాస్త్రాన్ని తీర్చిదిద్దుతున్నారు. సిద్దీఖీ గారు తిరిగి వచ్చి ఉస్మానియాలో గణితం బోధించారు. సాపేక్ష సిద్ధాంతాన్ని ఉర్దూలో వివరించారు. సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు లండనులో డాక్టరేటు పొంది, పారిస్‌లో ధ్వనిశాస్త్రం అధ్యయనం చేసి, తిరిగి వచ్చి 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ అను సంస్థను స్థాపించారు. దక్కనీ సాహిత్యపు వ్రాతప్రతులు ఎన్నో ఆ సంస్థ వలన నిలిచినవి.

ఈ చరిత్రను పొగడి ఊరుకొనుట న్యాయం కాదు. ఆ వజీఫాలు అందినది కొద్దిమందికి. వారిలో అధికులు నగరవాసులు, ఉద్యోగుల కుటుంబాలవారు. నల్లగొండ జిల్లాలోని కౌలురైతు బిడ్డకు ప్రాథమిక పాఠశాలయే దూరం. తెలుగు ఇంట పుట్టిన పిల్లవానికి ఉర్దూ కూడ శ్రమించి నేర్చుకొనవలసిన భాషయే. కనుక ఆనాటి వజీఫా పద్ధతి మంచిది, దాని పరిధి చిన్నది. నేడు పరిధి పెరిగినది, కాని ఖర్చు కుటుంబం మీద పడినది.

స్వయంకృషి మార్గం

ప్రభుత్వ సహాయం లేకుండ వెళ్ళినవారికి యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉదాహరణ. 1895లో భీమవరంలో జన్మించిన ఆయన మద్రాసులో వైద్యం చదివి, మామగారి ధనసహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను 1923లో బోస్టన్ చేరుకొన్నారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం చదువుతూ, ఖర్చుల కొరకు ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న ఉద్యోగం చేశారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతి ఇరువురి పేర్లతో ప్రసిద్ధి చెందినది. 1948లో అమెరికాలోనే మరణించారు. రాత్రి పని ఆయన చదువును మ్రింగలేదు. పగటి పరిశోధనకు అది ఆసరా అయినది. ఈ భేదాన్ని నేటి విద్యార్థి జ్ఞాపకముంచుకొనవలెను.

నేటి ఖర్చు, నేటి అప్పు

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు ఉన్నారు. ఆ సంవత్సరం భారతదేశం చైనాను మించి మొదటి స్థానం పొందినది. వీరిలో తెలుగువారి పాలు పెద్దది.

సహాయ పథకాల విషయానికి వస్తే, తెలంగాణ ప్రభుత్వం 2015లో అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థుల కొరకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకాన్ని ప్రారంభించినది. మొదట 10 లక్షలుగా ఉన్న సహాయాన్ని తరువాత 20 లక్షల రూపాయలకు పెంచారు. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల వారికి వేరు పథకాలు కలవు. ఈ ధనం రెండు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఆ దేశంలో అడుగుపెట్టిన ఆధారం చూపిన తరువాత, రెండవది మొదటి సెమిస్టరు ఫలితాల తరువాత. అనగా వీసాకు, టికెట్టుకు, తొలి రుసుముకు కావలసిన ధనం ముందుగా కుటుంబమే సమకూర్చుకొనవలెను. కేంద్ర ప్రభుత్వం విద్యారుణాలపై వడ్డీ భారం తగ్గించటానికి నడిపిన 'పఢో పర్‌దేశ్' పథకం 2022-23లో నిలిచిపోయినది. పాత కరపత్రాలను నమ్మి దాని మీద ఆశ పెట్టుకొనరాదు.

వజీఫా రానివారికి మిగిలినది అప్పు. 30 లక్షల రూపాయల రుణం సంవత్సరానికి నూటికి 11 వడ్డీతో తీసుకొన్నామనుకొనుడు. రెండేళ్ళు చదువు, ఒక ఏడాది గడువు పోగా చెల్లింపులు ఆరంభమవుతాయి. మొత్తం సొమ్మును మొదటనే తీసుకొన్నచో, సాధారణ వడ్డీ లెక్కనే ఈ మూడేళ్ళకు 9 లక్షల 90 వేలు. అనగా దాదాపు 40 లక్షలు. దానిని పదేళ్ళలో తీర్చవలెనంటే నెలకు సుమారు 55 వేల రూపాయలు చెల్లించవలెను. తాను పొందబోవు జీతం ఆ భారాన్ని మోయగలదా అని విద్యార్థి కాగితం మీద లెక్క వేసి, తల్లిదండ్రులకు చూపవలెను.

మన మెట్టప్రాంత కుటుంబాలకు మరొక చిక్కు ఉన్నది. పెద్ద రుణానికి బ్యాంకు తాకట్టు అడుగుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు. అందువలన సాగుభూమిని తాకట్టుగా స్వీకరించటానికి బ్యాంకులు సాధారణంగా ఇష్టపడవు. పదెకరాల రైతు బ్యాంకు దృష్టిలో ఆస్తిలేనివాడవుతున్నాడు. అప్పుడాయన అధిక వడ్డీకి ప్రయివేటు అప్పు తెస్తాడు, లేదా భూమినే అమ్ముతాడు. వడ్డీ నిషిద్ధమని విశ్వసించే ముస్లిం కుటుంబాలకు ఈ సమస్య ఇంకను తీవ్రం. బంధువులు, స్థానిక ధార్మిక సంస్థలు వడ్డీలేని అప్పుగా, అనగా కర్జె హసనాగా సహాయం చేయటం వారికి యోగ్యమైన మార్గం.

రుసుము తక్కువ గల దేశాలను కూడ పరిశీలించవలెను. జర్మనీలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అధిక భాగం బోధనా రుసుము తీసుకొనవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుండి ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు తీసుకొంటున్నది. రుసుము లేకున్నను, జీవన వ్యయం కొరకు ఖాతాలో చూపవలసిన ధనం 2024 సెప్టెంబరు నుండి ఏడాదికి 11,904 యూరోలు.

సంస్థ ఎంపిక - రెండు చేదు పాఠాలు

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అమెరికా అధికారులు మూసివేశారు. అక్కడ చేరిన వెయ్యికి పైగా విద్యార్థులలో అత్యధికులు భారతీయులు, వారిలో పెద్ద భాగం నాటి ఆంధ్రప్రదేశ్ వారు. సగానికి మించిన విద్యార్థుల నివాసాన్ని ఒకే ఇంటి చిరునామాగా నమోదు చేశారని విచారణలో తేలినది. కొందరు విద్యార్థుల కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించారు. సంస్థ యజమానికి 2014లో పదహారేళ్ళకు పైబడిన శిక్ష పడినది. ఆ సంస్థకు విద్యార్థి వీసా పత్రాలు ఇచ్చే అనుమతి ఉండినది, విద్యా ప్రమాణాల గుర్తింపు మాత్రం లేదు. ఈ రెండూ వేరువేరని చాలమందికి తెలియదు.

2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయ వ్యవహారం బయటపడినది. దానిని అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే వల పన్నినట్లు నడిపారు. అందులో అధ్యాపకులు లేరు, తరగతులు లేవు. గుర్తింపు పొందిన సంస్థల జాబితాలో మాత్రం దాని పేరు చేర్చారు. చేరిన సుమారు 600 మందిలో అధికులు భారతీయులు, ముఖ్యంగా తెలుగువారు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మంది మధ్యవర్తుల పైన కేసులు నడిచినవి. విద్యార్థులలో అనేకులు నిర్బంధంలో ఉండి తిరిగి వచ్చారు. ప్రభుత్వమే ఉచ్చు పన్నటం న్యాయమా అను విమర్శ అమెరికాలోనే వచ్చినది. ఆ విమర్శ సబబే. అయినను తరగతి లేని చదువును చదువని నమ్మిన విద్యార్థికి ఆ విమర్శ పోయిన సంవత్సరాలను తిరిగి ఇవ్వలేదు.

ఈ రెండు సంఘటనల నుండి గ్రహించవలసినవి ఇవి. వీసా వచ్చినంత మాత్రాన సంస్థ మంచిది కాదు. గుర్తింపు జాబితా ఒక్కటే చాలదు. ఆ సంస్థలో ఎవరు బోధిస్తున్నారు, వారి పరిశోధనలేవి, గ్రంథాలయమెట్టిది, అక్కడ చదివినవారు ఇప్పుడెక్కడ ఉన్నారు అని విచారించవలెను. చదువు కంటె పని అనుమతిని గురించి ఎక్కువ చెప్పే ఏజెంటును నమ్మరాదు.

వైద్యవిద్యకై వెళ్ళేవారు మరింత జాగ్రత్తపడవలెను. జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం విదేశంలో 54 నెలల చదువు, ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉండవలెను. ఇంగ్లీషులో బోధన జరగవలెను. తిరిగి వచ్చి ఇక్కడి పరీక్షలో ఉత్తీర్ణులు కావలెను. 2022లో యుద్ధం వలన ఉక్రెయిన్ నుండి వేలాది భారతీయ విద్యార్థులు 'ఆపరేషన్ గంగా' విమానాలలో చదువు సగంలో విడిచి వచ్చారు.

అక్కడి చదువు తీరు

మన పరీక్షలలో జ్ఞాపకశక్తికి పెద్దపీట. అక్కడ ఇతరుల వాక్యాన్ని పేరు చెప్పక వ్రాసుకొనుట దొంగతనంతో సమానం. అందుకు విద్యార్థిని సంస్థ నుండి తొలగించవచ్చును. నోట్సు బట్టీపట్టి వ్రాసిన అలవాటు గలవారికి ఇది మొదటి దెబ్బ. ఇక్కడ ఉండగానే చదివిన అధ్యాయాన్ని పుస్తకం మూసి సొంత మాటలలో ఒక పుట వ్రాయటం అలవరచుకొనవలెను.

తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివినవారు భాషను గురించి కుంగిపోరాదు. ఉర్దూలో శాస్త్రం నేర్చినవారు కేంబ్రిడ్జిలో నెగ్గిన ఉదాహరణ ఇంతకు ముందు చూచితిమి. విషయం స్పష్టంగా తెలిసినవానికి భాష ఆలస్యంగానైనా వశమవుతుంది. కాని రెండేళ్ళ ముందు నుండే సాధన అవసరం. ప్రవేశ పరీక్షకు ముందటి రెండు నెలలు అందుకు చాలవు.

అమెరికాలో విద్యార్థి వీసాపై చదువు సాగే కాలంలో విశ్వవిద్యాలయ ఆవరణలో వారానికి 20 గంటలు మించి పనిచేయరాదు. చదువు ముగిసిన తరువాత ఏడాది ప్రాయోగిక శిక్షణకు అనుమతి ఉన్నది. శాస్త్ర, సాంకేతిక పట్టాలవారికి 2016 నుండి మరో 24 నెలల పొడిగింపు కలదు. ఇవి ఆ దేశపు నిబంధనలు, మారవచ్చును. వాటిని హక్కులుగా భావించి ఇంటి అప్పును లెక్కించటం ప్రమాదకరం. అనుమతి లేని చోట పనిచేసి పట్టుబడినవారికి చదువు, వీసా రెండూ పోతాయి.

చలి, ఒంటరితనం, సొంత వంట, ప్రార్థనకు, పండుగకు దూరం కావటం ప్రతివారికి తప్పవు. వీటి కంటె కఠినమైనది ఇంటికి నిజం చెప్పలేకపోవటం. మార్కులు తగ్గినవని, ఆరోగ్యం బాగులేదని, పని దొరకలేదని తల్లిదండ్రులకు చెప్పగల సంబంధాన్ని విమానం ఎక్కకముందే ఏర్పరచుకొనవలెను. అవసరమైనచో తిరిగి రా, అప్పు మనం కలిసి తీర్చుదాము అని తండ్రి ముందుగానే చెప్పి పంపితే, ఆ మాట బిడ్డకు అండ అవుతుంది.

మన కళాశాలలు ఈ విషయంలో చేయగలిగిన పని ఒకటి కలదు. విదేశాలలో చదువుతున్న పూర్వ విద్యార్థుల వివరాలను వారి సమ్మతితో ఒక పుస్తకంలో నమోదు చేసి, వెళ్ళదలచినవారు ఏజెంటు గడప తొక్కకముందే వారితో మాట్లాడే ఏర్పాటు చేయవలెను. సఫలమైనవారినే గాక, చదువు నడుమ తిరిగి వచ్చినవారిని కూడ పిలిచి మాట్లాడించవలెను. వారి అనుభవం వలన ఏ ఒక్క కుటుంబం భూమి నిలిచినా ఆ శ్రమ సార్థకం.

విద్యార్థులారా! వెళ్ళగలిగినవారు తప్పక వెళ్ళండి. లెక్క వేసుకొని, సంస్థను విచారించుకొని, చదవటం ఇక్కడే నేర్చుకొని వెళ్ళండి. అక్కడ నేర్చినదానిలో కొంత, ఏ రూపంలోనైనా, పాలమూరు, నల్లగొండ బడిపిల్లలకు చేరునట్లు చూడండి.