బయాలజీ టీచరుగా చేరుతున్నారా? వేసవిలోనే ప్రయోగాలు చేసి చూడండి

డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ బయలాజికల్ సైన్స్ పోస్టు వచ్చినా, ప్రైవేటు హైస్కూల్లో కుదిరినా, మన రెండు రాష్ట్రాల్లోనూ బడులు తెరిచేది సాధారణంగా జూన్ 12న. అప్పటిదాకా ఉన్న సెలవుల్లో కొత్త టీచర్లు ఎక్కువగా డిగ్రీ పుస్తకాలు తిరగేస్తారు. నా దృష్టిలో అది రెండో పని. 8, 9, 10 తరగతుల పుస్తకాల్లో ఉన్న ప్రయోగాలను ఇంట్లో స్వయంగా చేసి చూసుకోవడం మొదటిది. పాఠం మీకు వచ్చని బీఎడ్, టెట్, డీఎస్సీ తేల్చేశాయి. పిల్లల ముందు చేసి చూపించగలరా అన్నది ఏ పరీక్షా తేల్చలేదు.

ముందు సరైన పుస్తకాలు దగ్గర పెట్టుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2024-25 నుంచి పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు వచ్చాయి కాబట్టి పాత నోట్సు పనికిరాదు. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి నుంచి జీవపరిణామం భాగాన్ని తీసేసింది. అయినా అనువంశికత చెబుతుంటే పిల్లలు దాని గురించి అడుగుతారు. అడగాలి కూడా. ఆ భాగం మాత్రం చదువుకుని వెళ్లండి.

కిరణజన్య సంయోగక్రియతో మొదలుపెట్టండి. ఆకులో పిండిపదార్థం చూపే ప్రయోగం క్లాసులో తరచూ చెడిపోతుంది. కుండీలో మొక్కను ముందుగా 48 గంటలు చీకట్లో ఉంచాలి. ఆ పని వదిలేస్తే ఆకులో అప్పటికే ఉన్న పిండిపదార్థం వల్ల నల్ల కాగితం కప్పిన భాగం కూడా నీలినలుపుకు తిరుగుతుంది. పిల్లలు తప్పుడు ఫలితమే గుర్తుపెట్టుకుంటారు. ఆకును స్పిరిట్‌లో మరిగించేటప్పుడు ఆ పరీక్షనాళికను వేడినీళ్ల గిన్నెలో ఉంచాలి తప్ప మంట మీద నేరుగా పెట్టకూడదు. స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. ఇలాంటివి ఇంట్లో రెండుమూడుసార్లు చేస్తేనే చేతికి వస్తాయి.

సామాన్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. తాంబూలం సున్నం నీళ్లలో కలిపి తేరనిస్తే సున్నపు తేట తయారు. గొట్టంతో అందులోకి ఊదితే తెల్లగా మారుతుంది. చెరువులో హైడ్రిల్లా దొరుకుతుంది, నీళ్లలో చిటికెడు వంటసోడా వేస్తే బుడగలు ఎక్కువ వస్తాయి. మేక గుండె కావాలంటే మాంసం కొట్టులో ముందురోజే చెప్పి, పైనున్న రక్తనాళాలు కోయకుండా ఉంచమనండి. కోసి చూస్తే ఎడమ జఠరిక గోడ కుడిదానికన్నా ఎంత మందంగా ఉంటుందో వేలికే తెలుస్తుంది. కుడిది ఊపిరితిత్తుల దాకా, ఎడమది ఒళ్లంతా రక్తాన్ని నెట్టాలి కదా. ఒక్కసారి తాకి చూసిన పిల్లలకు ఆ తేడా బట్టీ పట్టే పని ఉండదు.

పిల్లలు ఏం నమ్ముతూ క్లాసుకు వస్తారో కూడా ఊహించి పెట్టుకోండి. మొక్క తన ఆహారాన్ని మట్టిలోంచి తీసుకుంటుందనీ, రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తుందనీ చాలామంది అనుకుంటారు. మొదటిదానికి వాన్ హెల్మాంట్ కథ చెప్పండి. 17వ శతాబ్దంలో ఆయన కుండీలో విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు బరువు సుమారు 74 కిలోలు పెరిగింది, మట్టి తగ్గింది 60 గ్రాముల లోపే. ఆ బరువంతా నీళ్లదేనని ఆయన అనుకున్నాడు. గాలి సంగతి ఆయనకు తట్టలేదు. మిగిలిన సగం ఏమిటో పిల్లలనే చెప్పమనండి. శ్వాసక్రియలో ఏటీపీ వచ్చినప్పుడు, దాన్ని కండరాల్లో కనుగొన్నవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అని చెప్పడం మరవకండి.

అన్నిటికన్నా ఎక్కువ సాధన కావాల్సింది ప్రత్యుత్పత్తి పాఠానికి. ఇంటి దగ్గర చదువుకోండని దాటేసే టీచర్లు ఇప్పటికీ ఉన్నారు. పదో తరగతి ఆడపిల్లలకు నెలసరి గురించి, మగపిల్లలకు తమ శరీరంలో మార్పుల గురించి సరైన మాట చెప్పేది కొన్ని ఇళ్లలో ఎవరూ ఉండరు, మీరు తప్ప. వృషణాలు, అండాశయం, ఋతుచక్రం అనే మాటలు తడబడకుండా, నవ్వకుండా వచ్చేదాకా గదిలో గట్టిగా చెప్పి చూసుకోండి. లింగ నిర్ధారణలో ఎక్స్ గానీ వై గానీ ఇచ్చేది తండ్రేనని నింపాదిగా వివరించండి. ఆడపిల్ల పుట్టిందని తల్లిని తిట్టే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లూ మీ ముందు కూర్చుంటారు.

బొమ్మలు కూడా బోర్డు మీద సాధన చేయండి. గుండె బొమ్మలో ఎడమ భాగం చూసేవాళ్లకు కుడివైపు ఉంటుంది, మాట్లాడుతూ గీసేటప్పుడు ఇక్కడే పొరపాటు పడతారు. ఇంగ్లిష్ మీడియం పిల్లల కోసం ప్రతి పదాన్నీ రెండు భాషల్లో రాసి ఉంచుకోండి.

బడిలో చేరిన రోజే ల్యాబ్ బీరువా తాళం అడగండి. మైక్రోస్కోపు కటకాలకు బూజు పట్టిందేమో, అయోడిన్, సఫ్రనిన్ సీసాల్లో ఏమైనా మిగిలిందో లేదో, స్లైడ్లు ఎన్ని ఉన్నాయో చూసి, లేనివాటి జాబితా మొదటి వారంలోనే హెడ్మాస్టర్ చేతికివ్వండి.