పాత మోటారుసైకిలు: బాగుచేయుట, మార్చుకొనుట, పేరు మార్పించుట

నేటి గ్రామములలో ఎద్దుబండి లేని ఇండ్లు అనేకములు. మోటారుసైకిలు లేని ఇండ్లు కొద్ది. పాలను కేంద్రమునకు చేర్చుట మొదలు రోగిని ఆసుపత్రికి కొనిపోవుట వరకు దానిమీదనే జరుగుచున్నది. అట్టి వాహనమును గురించి తగవు గాని ప్రమాదము గాని సంభవించినపుడు జనులు మొదట వచ్చి తలుపు తట్టునది వార్డు సభ్యుని ఇంటనే. పంచాయతీకి ఇందులో అధికారమేమున్నదని సభ్యులు అడుగవచ్చును. అధికారము లేదు, సలహా చెప్పవలసిన పని మాత్రము తప్పదు. ఆ సలహా కాలునకు దెబ్బ తగిలిన తరువాత గాక, బండి కొనక పూర్వమే చెప్పగలిగినచో ఒక కుటుంబపు భూమి నిలుచును. ఈ పాఠము అందులకే.

యాదాద్రి, నల్లగొండ, రంగారెడ్డి జిల్లాల గ్రామస్థులు పాత బండిని మార్చుకొనవలెనన్నచో సాధారణముగా హైదరాబాదు తూర్పు భాగమునకే పోవుదురు. చౌటుప్పల్ వైపునుండి విజయవాడ రహదారియు, మాల్, ఇబ్రహీంపట్నము వైపునుండి నాగార్జునసాగర్ రహదారియు వచ్చి ఎల్.బి. నగర్ కూడలియొద్ద కలియును. అచటినుండి కొత్తపేట, చైతన్యపురి మీదుగా దిల్‌సుఖ్‌నగర్ వరకు గల దారిలోను, దాని ప్రక్కవీధులలోను మెకానిక్కుల షెడ్లు, విడిభాగముల దుకాణములు, పాత బండ్లను వరుసగా నిలిపి అమ్ము అంగళ్లు కలవు. సరూర్‌నగర్ రైతుబజారునకు కూరగాయలు తెచ్చిన రైతు తిరుగుప్రయాణములో చైను మార్పించుకొని పోవుటయు, 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు వచ్చిన పిమ్మట ఊరినుండి బండిమీద వచ్చి అచట నిలిపి రైలెక్కుటయు సాధారణమైనది. కావున ఆ ప్రాంతమును దృష్టియందుంచుకొనియే వ్రాయుచున్నాము.

ముందు ఉన్న బండి సంగతి

పెద్ద బండి కావలెనను కోరిక అనేక పర్యాయములు చిన్న బండికి జబ్బుచేయుటవలన పుట్టును. "ఎత్తు ఎక్కుట లేదు, ఇద్దరు కూర్చున్నచో లాగుట లేదు" అని చెప్పుదురు. వంద సి.సి. బండి ఇద్దరిని మోయుటకే నిర్మింపబడినది. అది మోయలేకపోవుటకు కారణము ఇంజను చిన్నదగుట కాక, గాలి వడపోత మూసికొనిపోవుటయో, టాపెట్లు బిగిసిపోవుటయో, క్లచ్చి పలకలు అరిగిపోవుటయో, లేక కేవలము బ్రేకు పట్టుకొనియుండుటయో కావచ్చును. నడిసెంట్రల్ స్టాండుపై నిలిపి వెనుక చక్రమును చేతితో త్రిప్పి చూచిన, బ్రేకు పట్టు ఎంతయున్నదో ఒక నిమిషములో తెలియును. ఈ నాలుగింటిని సరిచేయించుటకు అగు ఖర్చు క్రొత్తగా తెచ్చు బండి వెలలో అల్పభాగము.

మట్టిదారుల గ్రామములలో గాలి వడపోతపై శ్రద్ధ ఎక్కువ కావలెను. కాగితపు వడపోతను కడుగరాదు. దుమ్ము నిండినచో మార్చవలెను. స్పాంజి రకమైనచో శుభ్రపరచి తిరిగి వాడవచ్చును. దుమ్ము లోనికి పోయిన ఇంజనులో పిస్టను రింగులు త్వరగా అరుగును. అపుడు పొగగొట్టమునుండి నీలిరంగు పొగ వచ్చును. నీలిపొగ అనగా ఇంజను ఆయిలు కాలుచున్నదని అర్థము. నల్లని పొగ వేరు. గాలి చాలక పెట్రోలు అధికముగా పోవుచున్నదనుటకు అది గుర్తు, దానిని కొద్ది ఖర్చుతో సరిచేయవచ్చును. ఈ రెండింటి భేదము తెలియక, నల్లపొగకే "బోరు పోయినది" అని నమ్మి ఇంజను విప్పించినవారు కలరు.

చైనును ఎంత బిగించవలెనో బండితో ఇచ్చిన పుస్తకములో ఉండును. సాధారణముగా చిన్న బండ్లకు చైను నడుమ భాగము పైకి క్రిందికి రెండు మూడు సెంటీమీటర్లు ఆడవలెను. అంతకు మించి బిగించినచో బేరింగులు చెడును, వదలినచో పండ్లు అరుగును. చైను మార్చునపుడు ముందు వెనుక స్ప్రాకెట్లను కూడ కలిపియే మార్చవలెను. పాత పండ్లపై క్రొత్త చైను వేసిన అది కొద్దికాలములోనే సాగిపోవును. ఇది దుకాణదారు ఎక్కువ అమ్మవలెనని చెప్పు మాట కాదు. ఇక ఆయిలు విషయము: అది నల్లబడినంత మాత్రమున చెడినట్లు కాదు, మట్టము తగ్గుటయే అసలు ప్రమాదము. వారమునకొకసారి గేజీ కడ్డీ తీసి చూచుట ఇంటిలోని ఆడవారైనను, పెద్ద పిల్లలైనను చేయగల పని.

ఇపుడు అమ్ముచున్న పెట్రోలులో ఇరువది శాతము వరకు ఇథనాలు కలియుచున్నది. అది నీటిని పీల్చుకొను స్వభావము గలది. కార్బురేటరు గల పాత బండ్లను నెలల తరబడి నిలిపియుంచినపుడు టాంకి అడుగున నీరు చేరి త్రుప్పు పట్టవచ్చును. నిలిపియుంచవలసివచ్చిన కార్బురేటరులోని పెట్రోలును దింపివేయుట మేలు. పాత రబ్బరు గొట్టములు బీటలు వారినవేమో చూచుకొనవలెను.

పంచాయతీ ట్రాక్టరునకు లాగ్ పుస్తకము ఉంచుట సభ్యులకు అలవాటే. బండికి కూడ ఒక చిన్న నోటుపుస్తకమున తేదీ, తిరిగిన కిలోమీటర్లు, మార్చిన భాగము, ఇచ్చిన సొమ్ము వ్రాసియుంచినచో రెండు లాభములు కలుగును. ఒక సంవత్సరములో బండి నిజముగా ఎంత తినుచున్నదో తెలియును. అమ్మునాడు ఆ పుస్తకమే మంచి ధర తెచ్చును.

పెద్ద బండి ఎవరికి?

మరమ్మతు చేసిన పిమ్మటను బండి చాలదని తోచినచో అపుడు ఆలోచింపవలెను. నెలకు వేయి కిలోమీటర్లు తిరుగు రైతును తీసికొందము. వంద సి.సి. బండి లీటరునకు సుమారు 60 కిలోమీటర్లు నడచినచో 17 లీటర్లు చాలును. 350 సి.సి. బండి 35 చొప్పున నడచినచో 29 లీటర్లు కావలెను. లీటరు నూరు రూపాయలు దాటిన కాలమున ఇది నెలకు 1,200 రూపాయలకు పైబడిన అదనపు ఖర్చు. టైర్లు, చైను, ఆయిలు సహితము పెద్ద బండికి అధిక ధరవే. బీమాలోను భేదము కలదు. 2022 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చిన రేట్ల ప్రకారము ఇతరులకు కలుగు నష్టమునకు చేయు బీమా 75 మొదలు 150 సి.సి. వరకు సంవత్సరమునకు 714 రూపాయలు, 150 దాటి 350 వరకు 1,366 రూపాయలు, 350 దాటినచో 2,804 రూపాయలు; పన్ను అదనము.

పాలక్యానులు మోయుటకు పెద్ద ఇంజను కావలెననుట పొరపాటు. దానికి గట్టి షాకబ్సార్బర్లు, మంచి టైరు కావలెను. ప్రతిదినము రహదారిమీద ఇద్దరు దూరప్రయాణము చేయువారికి మాత్రము పెద్ద బండివలన నిజమైన ప్రయోజనము కలదు, అదియు వేగమునకు కాదు, బ్రేకులకు. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి. దాటిన క్రొత్త బండ్లన్నింటికి, గట్టిగా బ్రేకు వేసినను చక్రము బిగుసుకొని జారిపోకుండ చేయు ఎ.బి.ఎస్. తప్పనిసరి యైనది. పాత బండి కొనువారు అంతకు పూర్వపు పెద్ద బండికన్న ఈ అమరిక గలదానినే ఎన్నుకొనుట మంచిదని మా అభిప్రాయము. ఇంటర్మీడియేటు చదువు కుమారుని ముచ్చటకై కొనువారికి వేరొక మాట: పదునెనిమిదేండ్లు నిండనివాడు గేరు బండి నడిపి నేరము చేసినచో 2019 సవరణ ప్రకారము సంరక్షకునికే మూడేండ్ల వరకు జైలు, 25,000 రూపాయల జుల్మానా విధింపవచ్చును.

అంగడిలో చూడవలసినవి

బండిని చల్లగా ఉన్నపుడే చూడవలెను. మనము పోవునప్పటికే ఇంజను వేడిగా ఉన్నచో, దానిని ముందే నడిపి సిద్ధముచేసినారని గ్రహించి, మరల ఉదయమున వచ్చి చూచెదమని చెప్పుట మంచిది. చల్లని ఇంజను మొదటిసారి తిరుగునపుడు చేయు చప్పుడు, విడుచు పొగ నిజము చెప్పును. మీటరుపై కిలోమీటర్లను నమ్మరాదు. దానిని వెనుకకు త్రిప్పుట కష్టము కాదు. కాలిపెట్టుల రబ్బరు, గేరు లీవరు, స్ప్రాకెట్టు పండ్లు ఎంత అరిగినవో చూడవలెను. టైరు ప్రక్కన నాలుగంకెలు ముద్రింపబడియుండును: 2319 అని ఉన్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని భావము. ముందుచక్రమును నేలకు తాకకుండ ఎత్తి హాండిలును మెల్లగా త్రిప్పినపుడు నడుమ ఎచటనైన పట్టినట్లున్న కోన్ సెట్టు చెడినది. వదలిపెట్టి నడిపినపుడు బండి ఒకవైపునకే లాగుచున్న ఛాసిస్ గాని ఫోర్కు గాని వంగియుండవచ్చును. అట్టిదానిని ఎంత చౌకగా ఇచ్చినను కొనరాదు.

ఈ ప్రాంతపు బండ్లలో మరియొక దోషమును వెదకవలెను. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుండపోతకు సరూర్‌నగర్ చెరువు చుట్టుపట్ల కాలనీలు నీటమునిగినవి. వేలాది ఇండ్లయెదుట నిలిచిన బండ్లు ఆ నీటిలోనే ఉండెను. అటుతరువాతను గట్టి వానలకు పల్లపు వీధులు మునుగుచునే ఉన్నవి. మునిగిన బండి మెరుగుపెట్టిన పిమ్మట క్రొత్తదానివలె కనబడును. సీటు ఎత్తి వైర్ల కనెక్టర్లను విడదీసి చూచిన సన్నని బురదపొర గాని పచ్చని చిలుము గాని దొరకును. ముందు దీపము లోపల నీటిచార, టాంకి మూతక్రింద త్రుప్పు, గేజీ కడ్డీపై మజ్జిగవలె తెల్లబడిన ఆయిలు కనబడినచో ఇక బేరము అనవసరము. కొనుటకు పోవునపుడు ఊరి మెకానిక్కును వెంట తీసికొనిపోయి అతని దినకూలి ఇచ్చుట వృథా ఖర్చు కాదు.

నంబరు పలకయే వయస్సు చెప్పును. మన జిల్లాల బండిపై ఎ.పి. అని ఉన్నచో అది 2014లో రాష్ట్రము ఏర్పడక పూర్వపుది, టి.ఎస్. ఉన్నచో 2014కును 2024 మార్చికిని నడుమది, టి.జి. అటుపిమ్మటిది. రిజిస్ట్రేషను పదునైదేండ్లకు ముగియును గనుక, ఎ.పి. నంబరు గల బండి కొనువారు ఆ గడువునకు ఎంతకాలము మిగిలెనో, లేక గడువు తీరిన పిమ్మట నవీకరణము జరిగెనో చూచుకొనవలెను.

కాగితములు

ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు లోహముపై చెక్కబడియుండును. ఆ రెండును ఆర్.సి.లోని అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడవలెను. గీకి మరల కొట్టినట్లు తోచిన విడిచిపెట్టవలెను. బండిపై అప్పు ఉన్నచో ఋణమిచ్చినవారి నిరభ్యంతర పత్రమును, ఫారం 35ను తీసికొనవలెను. పోలీసు ఈ-చలాన్ల బాకీ ఎంతో సొమ్మిచ్చుటకు ముందే చూచుకొనవలెను. ఇతర రాష్ట్రపు బండియైనచో ఫారం 28 పత్రముతో బాటు ఇచటి పన్ను కూడ లెక్కవేసికొనవలెను. 2023 ఏప్రిల్ 1 నుండి పాత బండ్ల వర్తకులు రవాణాశాఖ అనుమతిపత్రము పొందవలెనను నిబంధన వచ్చినది. దానిని చూపుమని అడుగుట కొనువాని హక్కు.

అసలు చిక్కు పేరు మార్పునందే కలదు. ఫారం 29, ఫారం 30లపై సంతకములు చేయించుకొని, తేదీలు వ్రాయక బీరువాలో దాచుకొని, సంవత్సరముల కొలది పాత యజమాని పేరుననే బండి నడుపుట మన గ్రామములలో మామూలైపోయినది. మోటారు వాహన చట్టము 50వ సెక్షను ప్రకారము ఒకే రాష్ట్రములోనైన అమ్మినవాడు 14 దినములలో రవాణాధికారికి తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో పేరు మార్పునకు దరఖాస్తు చేయవలెను.

ఆలస్యమువలన ఇరువురికిని నష్టమే. కొన్నవాని సంగతి చూడుడు. బీమాతోబాటు తీసికొను 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా, రిజిస్టరైన యజమానియు పాలసీదారుడును ఒక్కడేయై, లైసెన్సు గలిగియున్నపుడే వర్తించును. బండి ఇతరుని పేరుననున్నచో, నడుపుచు మరణించినవాని భార్యకు ఆ సొమ్ము దక్కదు. పేరు మారిన 14 దినములలో బీమా కంపెనీకిని తెలిపి పాలసీపై పేరు మార్పించుకొనవలెను.

అమ్మినవాని సంగతి అంతకన్న కఠినము. 2007లో ఒకడు తన కారును అమ్మివేసెను. అది చేతులు మారి మారి 2009లో ప్రమాదము చేసి ఒక ప్రాణము తీసెను. రిజిస్ట్రేషను మాత్రము మొదటివాని పేరుననే ఉండిపోయెను. 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రికార్డులలో ఎవని పేరున్నదో అతడే చట్టము దృష్టిలో యజమాని, పరిహారము చెల్లించు బాధ్యత అతనిదే యని నిర్ణయించెను. కారునకు చెప్పిన ఈ సూత్రము మోటారుసైకిలునకును వర్తించును. ఎల్.బి. నగర్‌లో పెద్ద బండి కొనుచు పాత వంద సి.సి. బండిని మారకమునకు వదలివచ్చు రైతు ఈ స్థితిలోనే ఉండును. ఆ బండి ఎవరి చేతికి పోవునో అతనికి తెలియదు. బీమా ముగిసిన పిమ్మట అది ఎవరినైన కొట్టినచో తాఖీదు మాత్రము అతని ఊరికే వచ్చును.

అందుచేత పాత బండిని అనుమతి గల వర్తకునికే అప్పగించి, అప్పగించినట్లు రవాణాశాఖకు తెలుపు ఫారం 29సిని పూర్తిచేయించి, దాని నకలు తీసికొన్న పిదపనే తాళపుచెవి ఇవ్వవలెను. ప్రక్క ఊరివానికి అమ్మినచో కొన్నవాని గుర్తింపుపత్రపు నకలు, అమ్మిన తేదీ, గంటతో సహా వ్రాసిన రసీదు ఉంచుకొని, కొంత సొమ్మును పేరు మారువరకు మధ్యవర్తియొద్ద నిలుపుట కొన్ని గ్రామములలో పాటింపబడుచున్న పద్ధతి. దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతపు బండ్లు అనేకము మలక్‌పేట రవాణా కార్యాలయమున రిజిస్టరైనవే. గ్రామస్థుడు ఏ కార్యాలయమునకు పోవలెనో, ఏ కాగితములు కావలెనో ఒక తెల్లకాగితముపై వ్రాసి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటించుటకు సభ్యులకు పది నిమిషములు చాలును. తమ వార్డులో ఇతరుల పేర్లతో తిరుగుచున్న బండ్లు ఎన్ని గలవో విచారించి, ఆ యజమానుల నందరిని ఒకే దినమున కార్యాలయమునకు పంపగలిగినచో మరియు మంచిది.