ఎక్స్‌టెన్షన్‌లో సైన్-ఇన్: ఏ టోకెన్ దేనికి



బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌లో సైన్-ఇన్ పెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ టోకెన్ కావాలన్నది. గూగుల్ వంటి సంస్థ దగ్గర దొరికేవి ముఖ్యంగా రెండు. యాక్సెస్ టోకెన్ ఒక పనికి అనుమతి: ఫలానా ఖాతా క్యాలెండర్ చదవవచ్చు, డ్రైవ్‌లో ఫైలు పెట్టవచ్చు, అంతే. వచ్చిన మనిషి ఎవరన్నది చెప్పేది ఐడీ టోకెన్. యాక్సెస్ టోకెన్ గుడి బయట చెప్పుల స్టాండ్‌లో ఇచ్చే బిళ్ల లాంటిది. బిళ్ల ఎవరు చూపిస్తే వారికి చెప్పులు ఇచ్చేస్తారు, పేరూ ఊరూ అడగరు. 2012లో ప్రమాణంగా వెలువడిన ఓఆత్ 2.0 అనుమతుల వ్యవహారం మాత్రమే చూస్తుంది. గుర్తింపు సంగతి చూడటానికి 2014లో దాని మీద ఓపెన్ ఐడీ కనెక్ట్ అనే పొరను కట్టారు. ఐడీ టోకెన్ ఆ పొరలోది. ఎక్స్‌టెన్షన్ల సైన్-ఇన్‌లో కనిపించే గందరగోళంలో సగం ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చినదే.

క్రోమ్‌లో ఈ పనికి ఐడెంటిటీ ఏపీఐ ఉంది. మానిఫెస్ట్‌లో 'ఐడెంటిటీ' పర్మిషన్ అడిగితే అది అందుబాటులోకి వస్తుంది. అందులో అందరి కన్నూ ముందు పడేది గెట్‌ఆత్‌టోకెన్. మానిఫెస్ట్‌లో క్లయింట్ ఐడీ, స్కోప్‌లు రాసి ఒక్క పిలుపు పిలిస్తే చాలు, క్రోమ్‌లో అప్పటికే సైన్-ఇన్ అయి ఉన్న గూగుల్ ఖాతా పేరు మీద టోకెన్ చేతికొస్తుంది. క్రోమ్ దాన్ని తనే దాచుకుంటుంది, గడువు తీరితే కొత్తది తెస్తుంది. ఇంత సుఖంగా ఉన్నందుకే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అయితే అది ఇచ్చేది యాక్సెస్ టోకెన్. ఎక్స్‌టెన్షన్ నేరుగా గూగుల్ సేవలనే వాడుకుంటుంటే దానికి మించినది లేదు. సొంత సర్వర్‌లో ఖాతా తెరిపించాలంటే మాత్రం అది సరైన సరుకు కాదు.

ఎందుకు కాదో ఒక్కసారి నిలబడి చూడాలి. ఎక్స్‌టెన్షన్ యాక్సెస్ టోకెన్‌ను సర్వర్‌కు పంపుతుంది, సర్వర్ దాన్ని పట్టుకుని గూగుల్‌ను 'ఇది ఎవరిది' అని అడుగుతుంది, ఈమెయిల్ వస్తుంది, లోపలికి రానిస్తుంది. పైకి అంతా సవ్యంగానే ఉంటుంది. కానీ అదే వ్యక్తి ఎప్పుడో ఇంకెవరిదో ఆటకో, వాల్‌పేపర్ యాప్‌కో ఈమెయిల్ చూసే అనుమతి ఇచ్చి ఉంటే, ఆ యాప్ యజమాని దగ్గరా ఆ వ్యక్తి టోకెన్ ఒకటి ఉంటుంది. దాన్ని తెచ్చి ఈ సర్వర్‌కు చూపించినా గూగుల్ అదే ఈమెయిల్ చెబుతుంది, తలుపు తెరుచుకుంటుంది. ఆ టోకెన్ ఎవరి కోసం జారీ అయిందో సర్వర్ అడగలేదు కాబట్టి తేడా తెలియలేదు. యాక్సెస్ టోకెన్‌తోనే నెట్టుకురావలసి వస్తే, టోకెన్‌ఇన్ఫో అనే చిరునామాలో అది ఏ క్లయింట్ ఐడీకి జారీ అయిందో కనుక్కుని, తనది కాకపోతే తిప్పి పంపాలి. అదే ఐడెంటిటీ ఏపీఐలోని గెట్‌ప్రొఫైల్‌యూజర్‌ఇన్ఫో సంగతి ఇంకా తేలిక. అది ఇచ్చేది ఈమెయిల్, ఒక ఐడీ మాత్రమే. వాటికి సంతకం ఉండదు. తెర మీద పలకరింపుకు పనికొస్తుంది, సర్వర్ దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

ఐడీ టోకెన్ కోసం వాడవలసింది లాంచ్‌వెబ్‌ఆత్‌ఫ్లో. ఇది గూగుల్‌కే కట్టుబడి ఉండదు. ఓఆత్ పాటించే ఏ సంస్థతోనైనా నడుస్తుంది. ఎక్స్‌టెన్షన్ ఒక చిరునామా ఇస్తే బ్రౌజర్ దాన్ని వేరే కిటికీలో తెరుస్తుంది. పాస్‌వర్డ్ అక్కడ, గూగుల్ పేజీలోనే టైప్ అవుతుంది. ఎక్స్‌టెన్షన్ కంట పడదు. పని ముగిశాక గూగుల్ 'క్రోమియమ్‌యాప్ డాట్ ఆర్గ్' కింద ఎక్స్‌టెన్షన్ ఐడీ పేరుతో ఉన్న చిరునామాకు మళ్లిస్తుంది. ఆ చిరునామాలో నిజంగా ఏ సైటూ ఉండదు. క్రోమ్ ఆ మళ్లింపును మధ్యలోనే పట్టుకుని, కిటికీ మూసి, చిరునామా మొత్తాన్ని ఎక్స్‌టెన్షన్‌కు అప్పగిస్తుంది.

ఆ చిరునామాలో ఎక్స్‌టెన్షన్ ఐడీ ఉండటం వల్ల ఒక చిక్కు ఉంది. ఈ ఐడీ 'ఎ' నుంచి 'పి' దాకా ఉన్న ఇంగ్లిష్ అక్షరాలతో 32 అక్షరాల పొడవుంటుంది; ఎక్స్‌టెన్షన్ పబ్లిక్ కీ నుంచి లెక్కగట్టి వస్తుంది. ఇంకా స్టోర్‌కు ఎక్కించని ఎక్స్‌టెన్షన్‌కు కీ లేకపోతే ఫోల్డర్ ఉన్న చోటును బట్టి ఐడీ పుడుతుంది. అందుకే పక్క కుర్చీలోని ల్యాప్‌టాప్‌లో నడిచినది ఈ ల్యాప్‌టాప్‌లో మళ్లింపు చిరునామా కలవలేదని మొరాయిస్తుంది. మానిఫెస్ట్‌లో 'కీ' అనే వరుస చేరిస్తే ఐడీ ఎక్కడైనా ఒకటే ఉంటుంది. ఈ పని మొదటి రోజే చేసిపెట్టుకోవాలి.

గూగుల్ క్లౌడ్ కన్సోల్‌లో క్లయింట్ రకం ఎంచుకునేటప్పుడూ జాగ్రత్త అవసరం. గెట్‌ఆత్‌టోకెన్‌కు 'క్రోమ్ ఎక్స్‌టెన్షన్' రకం కావాలి. లాంచ్‌వెబ్‌ఆత్‌ఫ్లోకు 'వెబ్ అప్లికేషన్' రకం తీసుకుని, పై చిరునామాను అక్షరం పొల్లుపోకుండా మళ్లింపుల జాబితాలో నమోదు చేయాలి. చివరి గీత ఒకటి తక్కువైనా ఒప్పుకోదు. చిరునామాను చేత్తో రాయకుండా గెట్‌రీడైరెక్ట్‌యూఆర్ఎల్ చెప్పినదాన్నే కన్సోల్‌లోనూ, పంపే అభ్యర్థనలోనూ వాడితే ఆ బాధ ఉండదు.

పంపే అభ్యర్థనలో స్కోప్‌గా ఓపెన్ ఐడీ, ఈమెయిల్ చాలు. అవసరం లేని స్కోప్ అడిగితే అనుమతి పేజీ చూసి జనం వెనక్కి వెళతారు. రెస్పాన్స్ టైప్‌గా ఐడీ టోకెన్ అడిగితే మళ్లింపు చిరునామాలో హ్యాష్ గుర్తు తరువాత టోకెన్ వస్తుంది. అలా అడిగినప్పుడు నాన్స్ తప్పనిసరి: ప్రతిసారీ కొత్తగా పుట్టించిన ఊహకందని అంకె, తిరిగొచ్చిన టోకెన్‌లో అదే ఉందో లేదో చూడటానికి. పాత టోకెన్‌ను ఎవరో దొంగిలించి మళ్లీ చూపిస్తే అక్కడ దొరికిపోతారు. ఇంతకంటే గట్టి పద్ధతి కోడ్ తెచ్చుకోవడం. ఎక్స్‌టెన్షన్‌కు టోకెన్ బదులు ఒక తాత్కాలిక కోడ్ వస్తుంది. దాన్ని సొంత సర్వర్‌కు పంపితే సర్వర్ గూగుల్‌తో మాట్లాడి టోకెన్‌గా మార్చుకుంటుంది. 2015 నాటి పీకేసీఈ పద్ధతిని జోడిస్తే మధ్యలో కోడ్ ఎత్తుకుపోయినవారికీ అది పనికిరాదు. సర్వర్ ఉన్నవారు ఈ దారే పట్టడం మేలు. గూగుల్ వెబ్ క్లయింట్‌కు ఈ మార్పిడిలో క్లయింట్ సీక్రెట్ కూడా కావాలి. దాన్ని ఎక్స్‌టెన్షన్‌లో పెట్టి ఎవరూ చూడరులే అనుకోవడం అమాయకత్వం. ఎక్స్‌టెన్షన్ ప్యాకేజీ ఒక జిప్ ఫైలు, ఎవరైనా విప్పి చదువుకోవచ్చు.

రాసిన కోడ్ సరిగానే ఉన్నా సైన్-ఇన్ నడవకపోతే చూడవలసిన మొదటి చోటు పాపప్. ఎక్స్‌టెన్షన్ బొమ్మ నొక్కితే తెరుచుకునే చిన్న పాపప్ నుంచే లాంచ్‌వెబ్‌ఆత్‌ఫ్లోను పిలిస్తే, సైన్-ఇన్ కిటికీ పైకి రాగానే పాపప్ ఫోకస్ పోగొట్టుకుని మూసుకుపోతుంది. దానితోపాటు జవాబు కోసం ఎదురుచూస్తున్న కోడ్ కూడా పోతుంది. వాడేవారు పాస్‌వర్డ్ కొట్టి, అనుమతి ఇచ్చి, మళ్లీ బొమ్మ నొక్కితే అదే 'సైన్-ఇన్' బటన్ పలకరిస్తుంది. ఎర్రర్ ఎక్కడా కనపడదు. పాపప్ ఒక సందేశం మాత్రం పంపి, అసలు పని సర్వీస్ వర్కర్ చేయాలి. మానిఫెస్ట్ వీ3లో ఆ వర్కర్ 30 సెకన్లు పని లేకుండా ఉంటే ఆగిపోతుంది, గ్లోబల్ వేరియబుల్‌లో దాచినదంతా తుడిచిపెట్టుకుపోతుంది. టోకెన్ రాగానే స్టోరేజ్ సెషన్‌లో పెట్టాలి. అది మెమరీలోనే ఉంటుంది, బ్రౌజర్ మూస్తే పోతుంది, వెబ్ పేజీల్లో నడిచే కంటెంట్ స్క్రిప్ట్‌లకు మామూలుగా అందదు. స్టోరేజ్ లోకల్ డిస్క్ మీద గుప్తీకరణ లేకుండా ఉంటుంది, కంటెంట్ స్క్రిప్ట్‌లకూ అందుతుంది. సైన్-ఇన్ కిటికీని వాడేవారు బటన్ నొక్కినప్పుడే తెరవాలన్నది మర్యాద కూడా. బ్రౌజర్ తెరవగానే అడగని కిటికీ ఊడిపడితే ఎక్స్‌టెన్షన్‌ను తీసేస్తారు.

టోకెన్ సర్వర్‌కు చేరాక పరీక్ష మొదలవుతుంది. ఐడీ టోకెన్ చుక్కలతో విడదీసిన మూడు ముక్కల జేడబ్ల్యూటీ: శీర్షిక, విషయం, సంతకం. మధ్య ముక్కను విప్పి చదవడం ఎవరికైనా చేతనవుతుంది. చదవగలిగినంత మాత్రాన అది నిజమని కాదు. సంతకాన్ని గూగుల్ ప్రకటించే పబ్లిక్ కీలతో సరిచూడాలి; జారీ చేసినది గూగులేనా, ఆడియన్స్‌లో ఉన్నది తన క్లయింట్ ఐడీయేనా, గడువు మిగిలి ఉందా అని చూడాలి. ఇందుకు గూగుల్ ఇచ్చిన లైబ్రరీలు ఉన్నాయి, సొంతంగా రాసుకోవడం తెలివి కాదు. ఖాతాకు తాళంచెవిగా వాడవలసింది 'సబ్' అనే అంకె. ఈమెయిల్ మారవచ్చు, కంపెనీ చిరునామా రేపు ఇంకో ఉద్యోగికి పోవచ్చు, సబ్ మారదు. గూగుల్ ఐడీ టోకెన్ గడువు గంట. దాన్నే సెషన్‌గా సాగదీయకుండా, ఒకసారి పరీక్ష ముగిశాక సర్వర్ తన సెషన్ తాను ఇవ్వాలి.

సైన్-అవుట్ అంటే సర్వర్‌లోని ఆ సెషన్‌ను రద్దు చేయడం. గెట్‌ఆత్‌టోకెన్ వాడినవారికి ఇంకా రెండు పనులు: రిమూవ్‌క్యాష్డ్‌ఆత్‌టోకెన్ క్రోమ్ దాచినదాన్ని తీసేస్తుందంతే, గూగుల్ దగ్గర అనుమతి అలాగే ఉంటుంది, దాన్ని రద్దు చేయమని గూగుల్ రివోక్ చిరునామాకు వేరుగా చెప్పాలి. గూగుల్ సేవ నుంచి 401 జవాబు వచ్చినప్పుడూ పాత టోకెన్‌ను ముందు తీసేసి తరువాతే కొత్తది అడగాలి, లేకపోతే క్రోమ్ ఆ చెడిన దాన్నే మళ్లీ చేతిలో పెడుతుంది.

ఫైర్‌ఫాక్స్‌లో గెట్‌ఆత్‌టోకెన్ లేదు, ఎడ్జ్‌లోనూ అది నడవదు. లాంచ్‌వెబ్‌ఆత్‌ఫ్లో రెండింటిలోనూ ఉంది. ఫైర్‌ఫాక్స్ మళ్లింపు చిరునామా వేరు, దాన్నీ కన్సోల్‌లో విడిగా నమోదు చేయాలి. ఆ చిరునామా డొమైన్‌ను ఒప్పుకోని సంస్థల కోసం ఫైర్‌ఫాక్స్ 86 నుంచి 127.0.0.1 చిరునామాకు కూడా మళ్లించుకునే వీలు ఉంది.